నిద్ర మాత్ర కాదనుకున్న మాత్ర

చదివేవాళ్లు కంగారు పడకుండా ముందే చెప్పేస్తాను. నాకు మతిమరుపు జబ్బు లేదు. ఒక చలికాలమంతా ఉందనుకున్నాం. మా ఆయన అనుకున్నారు, మా అమ్మాయి అనుకుంది, అందరికంటే గట్టిగా నేనే అనుకున్నాను. ఎందుకంటే మా అమ్మకు ఆ జబ్బు వచ్చింది. కాకినాడలో ఆవిడ చివరి రోజుల్లో సెలవులు పెట్టుకుని వెళ్లి చూసుకున్నదాన్ని నేను. అది ఎలా మొదలవుతుందో, మనిషిని కొంచెం కొంచెంగా ఎలా తినేస్తుందో దగ్గరుండి చూశాను. చూసినదాన్ని కాబట్టే అంత భయపడ్డాను.

నా పేరు సుభద్ర. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వోద్యోగం చేసి సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యాను. మా ఆయన రామ్మోహనరావు గారు ఆడిట్‌లో పనిచేసి నాకంటే ముందే రిటైరయ్యారు. మయూర్ విహార్‌లో మాది మూడో అంతస్తు ఫ్లాటు. మా అమ్మాయి మాధవి కాపురం నోయిడాలో. అల్లుడూ అమ్మాయీ ఇద్దరూ ఉద్యోగస్థులు కావడంతో మనవరాలు తార స్కూలు బస్సు మా గేటు దగ్గరే దిగేది, సాయంత్రం దాకా మా ఇంట్లోనే ఉండేది. దానికి తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం హిందీలోనే చెబుతుంది. అలాంటి పిల్లలు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారని ఆదివారం ఉదయాలు సొసైటీ హాల్లో తెలుగు నేర్పడం మొదలుపెట్టాను. రిటైరయ్యాక నాకు మిగిలిన ఉద్యోగం అదే.

ఇదంతా మా వైపు మెట్రో లైను వేస్తున్న రోజుల్లో జరిగింది. రోడ్డుకి రెండువైపులా రేకులు కట్టి తవ్వుతూ ఉండేవారు. పగలంతా దుమ్ము, రాత్రంతా లారీల మోత. నాకు అంతకుముందే నిద్ర తక్కువ. ఆ లారీలు వచ్చాక అదీ పోయింది. వానలు తగ్గిన సెప్టెంబరులో చేతుల మీద, మెడ మీద దద్దుర్లు లేచాయి, వాటితోపాటు తుమ్ములు. డిస్పెన్సరీలో డాక్టరు చూసి దుమ్ము పడలేదన్నాడు. రాత్రిపూట వేసుకోమని చిన్న మాత్ర రాసి, వారం చాలన్నాడు.

మొదటి రాత్రి ఆ మాత్ర వేసుకుని పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాలేదు. కాలేజీ రోజుల తర్వాత అలా పడుకున్న గుర్తు లేదు నాకు. వారంలో దద్దుర్లు పోయాయి, మాత్ర మాత్రం ఉండిపోయింది. కెమిస్టు షాపులో చీటీ అడగకుండానే స్ట్రిప్పు ఇచ్చేవాడు. ఎదురు ఫ్లాటులోని కపూర్ గారి భార్యతో ఈ మాట అంటే ఆవిడ నవ్వి, అది పిల్లలకు కూడా ఇస్తారు, దానికి భయమేమిటన్నారు. నిద్ర మాత్రలంటే నాకు మొదటినుంచీ బెదురు. అలవాటు పడతారనీ, మానలేరనీ వింటూ పెరిగాను. కానీ ఇది నిద్ర మాత్ర కాదు కదా, ఎలర్జీ మాత్ర. ఆ ఒక్క మాట నన్ను అన్నాళ్లూ నిశ్చింతగా ఉంచింది.

కొన్ని వారాలకు ఒక మాత్ర పని చెయ్యడం మానేసింది. రెండు వేసుకోవడం మొదలుపెట్టాను. దీపావళి వెళ్లి చలి ముదిరాక జలుబు పట్టుకుంది. దానికి సాయంత్రం పూట ఒక జలుబు మాత్ర కూడా తోడైంది. మూడూ కలిపి వేసుకుంటున్నానని నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఒకటి దీనికి, ఇంకొకటి దానికి అనుకున్నాను.

నవంబరు నుంచి ఒక్కొక్కటే మొదలయ్యాయి. పొద్దున లేచాక తల మీద తడి దుప్పటి వేసినట్టుండేది. కాఫీ రెండుసార్లు తాగినా ఆ బరువు దిగేది కాదు. నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. పేపరు చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయేవి. కళ్లజోడు మార్పించాను, కొత్త జోడుతోనూ అంతే. లేచి నిలబడితే ఒక క్షణం గోడ పట్టుకోవలసి వచ్చేది. మిగతా ఇబ్బందులు ఇక్కడ రాయను, నా వయసు వాళ్లకు చెప్పకుండానే తెలుస్తాయి. ప్రతిదానికీ నా దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉండేది. నోరు ఎండడం హీటరు వల్ల, చూపు వయసు వల్ల, తల బరువు చలి వల్ల. అవన్నీ ఒకే తల్లి పిల్లలని తట్టలేదు.

తర్వాత మాటలు జారిపోవడం మొదలైంది. ఒకరోజు వంటింట్లో పిండి జల్లిస్తూ, చేతిలో ఉన్నదాని పేరు ఏమిటో ఎంతకీ నోటికి రాలేదు. తారకి చూపించి ఇది అందుకో, ఇది పట్టుకో అంటూ ఉండిపోయాను. అది వింతగా చూసి, "ఛన్నీ, అమ్మమ్మా. ఇస్‌కో ఛన్నీ బోల్తే హైఁ" అంది. జల్లెడ అన్న మాట ఆ సాయంత్రం ఎప్పుడో వచ్చింది. ఆదివారం క్లాసులో బోర్డు మీద గుణింతం రాసి, పిల్లల చేత చదివించి, మళ్లీ అదే గుణింతం మొదటినుంచీ రాయబోయాను. ముందు వరసలో పిల్ల మెల్లగా, ఆంటీ, ఇది అయిపోయింది కదా అంది. మిగతావాళ్లు నవ్వలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. పెద్దవాళ్ల పొరపాట్లకు పిల్లలు నవ్వడం మానేశారంటే, ఇంట్లో ఎవరో వాళ్లకు ఏదో చెప్పి ఉంటారు.

అసలు దెబ్బ జనవరిలో తగిలింది. మా కాలనీలో బ్లాకులన్నీ ఒకే అచ్చు, ఒకే రంగు. పొగమంచు పట్టిన ఒక మధ్యాహ్నం పాల బూత్ నుంచి వస్తూ మెట్లెక్కి తాళంచెవి తిప్పితే తలుపు తెరుచుకోలేదు. మళ్లీ మళ్లీ తిప్పాను. లోపలినుంచి ఒక సర్దార్ల ఇంటావిడ తలుపు తీసింది. మా ఇంట్లో మీరేం చేస్తున్నారని ఆవిడను నిలదీశాను, అదీ తెలుగులో. ఆవిడకి ఒక్క ముక్క అర్థమై ఉండదు. కానీ కోప్పడలేదు. నా చేతిలోంచి పాల ప్యాకెట్లు తీసుకుని, లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, అల్లం టీ పెట్టి ఇచ్చింది. ఫోను నంబరు అడిగితే గుర్తు రాలేదు. ఇంటి నంబరు అడిగితే రిటైరవక ముందు ఉన్న ప్రభుత్వ క్వార్టరు నంబరు చెప్పాను. చివరికి ఆవిడే శాలువా కప్పి, నా చెయ్యి పట్టుకుని ఒక్కొక్క బ్లాకూ తిప్పుతూ, ఇదా, ఇదా అని అడిగింది. మా ఆయన ఎదురుగా వస్తూ కనిపించేదాకా చెయ్యి వదల్లేదు. ఆయనకు నన్ను అప్పగిస్తూ కూడా, దారి తప్పారని కాదు, మా ఇంటికి టీకి వచ్చారు అంది. ఆవిడ పేరు గుర్మీత్ అని తర్వాత తెలిసింది.

ఆ రోజు తర్వాత ఇల్లు మారిపోయింది. మా ఆయన తాళంచెవులు తన జేబులో పెట్టుకోవడం మొదలుపెట్టారు. గ్యాస్ నేను కట్టేశాక మళ్లీ వెళ్లి చూసేవారు. ఆదివారం క్లాసు నేనే ఆపేశాను. మాధవి తారను నోయిడాలో ఒక డే కేర్‌లో చేర్చింది, వాళ్ల స్కూలుకు దగ్గరని చెప్పింది. పాపం, అబద్ధం చెప్పడం దానికి చిన్నప్పటినుంచీ రాదు. ఆ మాట చెబుతున్నంతసేపూ నా మొహంలోకి చూడలేదు.

ఆ ఆదివారం నేను పడకగదిలో బట్టలు మడతపెడుతుంటే ముందుగదిలోంచి వాళ్ల మాటలు వినిపించాయి. మాధవి హాస్పిటల్లో చూపిద్దామంటోంది. వయసు వస్తే అందరికీ ఉండేదే, దానికి హాస్పిటల్ ఎందుకని ఆయన అంటున్నారు.

"అమ్మమ్మకి కూడా ఇలాగే మొదలైంది నాన్నా. అప్పుడూ అందరూ వయసేలే అన్నారు."

"మెల్లిగా మాట్లాడు. మీ అమ్మ వింటుంది."

నేను విన్నాను. చీర మడత పూర్తిచేసి బీరువాలో పెట్టి, బయటికి వచ్చి, హాస్పిటల్‌కి నేను వస్తానన్నాను. మా అమ్మను మేం చాలా ఆలస్యంగా తీసుకెళ్లాం. నా విషయంలో అలా జరగనివ్వదలచుకోలేదు. ఆ చలికాలంలో నేను తీసుకున్న నిర్ణయాల్లో నాకు ఇప్పటికీ నచ్చేది అదొక్కటే.

పెద్ద ప్రభుత్వ హాస్పిటల్ అది. ఓపీడీ బయట పొడుగాటి వరండా, ఇనుప బెంచీలు. మతిమరుపు వాళ్లను చూసే మెమరీ క్లినిక్ రోజున వచ్చేవాళ్లను చూస్తే ఎవరు రోగో ఎవరు వెంట వచ్చినవారో ఇట్టే తెలిసిపోతుంది. వెంట వచ్చినవారే ఎక్కువ అలిసిపోయి ఉంటారు. మీరట్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన భార్యను ప్రతి కాసేపటికీ మీరెవరని మర్యాదగా అడుగుతున్నాడు. ఆవిడ ప్రతిసారీ అంతే మర్యాదగా చెబుతోంది. మా ఆయన అది చూసి నా చెయ్యి పట్టుకున్నారు. ఇన్నేళ్ల కాపురంలో పదిమందిలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను.

లోపల ఒక కుర్ర డాక్టరు తారీఖు అడిగాడు, నూట్లోంచి ఏడేడు తీసేస్తూ చెప్పమన్నాడు, కాగితం మీద గడియారం గీయమన్నాడు. గీశాను. అంకెలన్నీ ఒక పక్కకు పోగుపడ్డాయి, రెండో పక్క ఖాళీగా ఉండిపోయింది. తప్పని తెలుస్తూనే ఉంది, సరిచెయ్యడం మాత్రం తెలియలేదు. ఆ భయం ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. ఉద్యోగమంతా ఫైళ్ల మీద నోట్లు రాసిన చెయ్యి అది. అతను ఆ కాగితం తీసుకుని రక్తపరీక్షలకీ స్కానింగుకీ రాశాడు.

రిపోర్టులు తీసుకుని ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లాం. ఈసారి చూసినావిడ పెద్ద డాక్టరు. జుట్టు నెరిసిన మనిషి, తొందరపడదు. రిపోర్టుల్లో చెప్పుకోదగ్గ దోషమేమీ లేదంది. ఆకలి ఎలా ఉంది, దిగులు ఉందా అని ఒక్కొక్కటే అడుగుతూ నిద్ర దగ్గరికి వచ్చింది. నిద్ర చాలా బాగా పడుతోందని కొంచెం గర్వంగానే చెప్పాను.

"ఈ వయసులో చాలా బాగా పడుతోందని నాకు ఎవరూ చెప్పరు. నిద్రకి ఏమైనా వేసుకుంటున్నారా?"

"లేదు మేడమ్. నిద్రకి ఏమీ వేసుకోను."

"అచ్ఛా. మరి ఇంక దేనికైనా?"

ఆ రెండో ప్రశ్న ఆవిడ వెయ్యకపోయి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఎలర్జీకి రాత్రి రెండు మాత్రలు, జలుబుకి ఒకటి అన్నాను. అది మామూలు మాత్రేనండీ అని మా ఆయన పక్కనుంచి అందుకున్నారు. ఎన్నాళ్లనుంచి అని అడిగింది. సెప్టెంబరు నుంచి అని నేను చెబుతుంటే, అది నా చెవులకే కొత్తగా వినపడింది. నా సంచిలోనే ఉన్న రెండు స్ట్రిప్పులూ తీసి బల్ల మీద పెట్టాను. రెండింటిలోనూ ఉన్నది ఒకే జాతి మందని ఆవిడ చూపించింది.

ఆ తర్వాత చాలాసేపు ఓపిగ్గా చెప్పింది. ఎలర్జీకి ఇది మంచి మందే, కొద్ది రోజులకైతే చాలామందికి ఇబ్బంది పెట్టదు. మత్తు రావడం దీని పక్క గుణం. ఆ మత్తుకు ఒళ్లు కొద్ది రోజుల్లోనే అలవాటు పడిపోతుంది, అందుకే ఒకటి రెండవుతుంది. కానీ నోరు ఎండగొట్టడం, చూపు మసకబరచడం, జ్ఞాపకానికి మెదడు వాడుకునే ఒక రసాయనాన్ని అడ్డుకోవడం మాత్రం ఆగవు. వయసు మళ్లిన ఒంట్లోంచి మందు త్వరగా పోదు, నిన్నటి రాత్రిది ఈ పగలంతా నడుస్తుంది. మీకు ఇన్నాళ్లూ పట్టింది నిద్ర కాదు, మత్తు అంది. చీటీ లేకుండా దొరుకుతుంది కదా అని మా ఆయన అన్నారు. చీటీ అక్కర్లేనంత మాత్రాన రోజూ వేసుకోవచ్చని కాదు అంది.

చివరికి ఒక మాట సూటిగా చెప్పింది. "మీ తికమకంతా దీనివల్లే అని నేను మాట ఇవ్వలేను. మెల్లిగా మానిపిస్తాను. రెండు నెలలాగి మళ్లీ గడియారం గీద్దాం. అప్పుడు చెబుతాను."

ఇంటికి వస్తూ మా ఆయన దారిలో ఆటో ఆపించి జిలేబీ కొన్నారు. ఆయనకు అప్పటికే నయమైపోయినట్టుంది. నేను ఒక్క ముక్క కూడా ముట్టుకోలేదు. మాత్ర మానేశాక కూడా నేను ఇలాగే ఉంటే, ఇక చెప్పుకోవడానికి వేరే కారణమంటూ ఏదీ మిగలదు. ఆశ దొరికిన రోజున భయం రెట్టింపయింది.

మానడం తేలిక కాలేదు. మాత్ర తగ్గించేకొద్దీ ఉన్న నిద్రా పోయింది. దురద మళ్లీ కొన్నాళ్లు వేధించింది. దానికి మత్తు అంతగా రాని కొత్త రకం మాత్ర పగటిపూట ఇచ్చారు. డాక్టరమ్మ చెప్పిన పద్ధతులు వినడానికి సులువుగానే ఉంటాయి. ఎంత నిద్ర పట్టినా, పట్టకపోయినా పొద్దున ఒకే వేళకు లేవాలి. పగలు నడుం వాల్చకూడదు. మధ్యాహ్నం దాటితే టీ, కాఫీ వద్దు. నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకుండా లేచి వేరే గదిలో కూర్చోవాలి, కళ్లు మూతపడ్డప్పుడే మళ్లీ మంచం ఎక్కాలి. పొద్దుటి ఎండలో నడవాలి. మొదటి రెండు వారాలూ ఇవన్నీ నన్ను హింసించడానికే కనిపెట్టారనిపించింది.

ఒక ఉదయం, నడకకు లేవమని ఆయన పిలిస్తే, ఒక్క మాత్ర తెచ్చి పెట్టండి, ఒక్కటంటే ఒక్కటి, ఈ రాత్రికి పడుకుని రేపటినుంచి మానేస్తాను అని ఏడ్చాను. ఆయన కోప్పడతారనుకున్నాను. వచ్చి మంచం అంచున కూర్చున్నారు.

"నీకు నిద్ర కావాలి సుభద్రా. నాకు నువ్వు కావాలి," అన్నారు.

చెప్పులు వేసుకుని నడకకు బయల్దేరాను. ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

ముందు నోట్లో తడి వచ్చింది. తర్వాత పేపర్లో అక్షరాలు వాటి చోట అవి నిలబడ్డాయి, పాత కళ్లజోడుతోనే. హోలీ నాటికి పొద్దుటి బరువు దిగిపోయింది. మాటలు మాత్రం నిదానంగా వచ్చాయి, ఒక్కొక్కటే. కూరల బండి దగ్గర నిలబడి బండివాడితో బీరకాయల బేరం ఆడుతూ, మధ్యలో ఆగకుండా ఆడుతున్నానని గమనించి ఆశ్చర్యపోయాను. గుర్మీత్ గారి ఇంటికి ఒక్కదాన్నే వెళ్లి, సరైన తలుపే తట్టి, ఈసారి హిందీలో కృతజ్ఞతలు చెప్పాను. ఆవిడ మళ్లీ టీ పెట్టింది.

ఏప్రిల్లో గడియారం గీశాను. పన్నెండు అంకెలూ గుండ్రంగా కుదురుకున్నాయి. ముళ్లు డాక్టరమ్మ చెప్పిన వేళకే నిలిచాయి. ఆవిడ పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూసి, ఇక నమ్మకంగా చెప్పగలను, అది మందు చేసిన పనే అంది. ఇక మీదట ఏ డాక్టరు ఏది రాసినా, షాపులో సొంతంగా ఏది కొన్నా, ఇది నిద్రమత్తు తెచ్చే రకమా అని ముందు అడగమంది. ఆర్నెల్లకు ఒకసారి వచ్చి కనిపించమంది. నేను నవ్వుతూ బయటికి వచ్చాను.

వరండాలో మా ఆయన పక్కన ఘజియాబాద్ నుంచి వచ్చిన ఒకమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని కూర్చుంది. నా మొహం చూసి, మీకు ఏం చెప్పారని అడిగింది. నా నవ్వు ఆగిపోయింది. మందు వల్ల వచ్చింది, తగ్గిపోయిందన్నాను. మా అమ్మ ఏ మందులూ వేసుకోదు దీదీ, అన్నీ అడిగారు, అన్నీ చూశారు అంది. గొంతులో అసూయ లేదు, అలసట ఉంది. ఒకప్పుడు కాకినాడలో నేనూ అలాగే ఉండేదాన్ని. పొద్దుటినుంచీ ఏమైనా తిన్నావా అని అడిగితే లేదంది. నువ్వు క్యాంటీనుకి వెళ్లి కూర్చుని తిను, తొందరపడకు, అమ్మను నేను చూస్తాను అన్నాను. ఆ పెద్దావిడ నన్ను తన చెల్లెలు అనుకుంది. ఆ చెల్లెలికి పెళ్లి కుదరకపోవడం గురించి ఆవిడ దిగులంతా చెప్పుకుంది. నేను అవును, అవును అంటూ విన్నాను. కూతురు తిని వచ్చేదాకా మా ఆయన ఇంటికి పోదామనలేదు.

ఆ వేసవి సెలవుల తర్వాత తార మళ్లీ మా గేటు దగ్గరే బస్సు దిగింది. మాధవి ఒకరోజు, అప్పుడు నేను తొందరపడ్డానా అమ్మా అని అడిగింది. తొందరపడబట్టే నేను ఇలా ఉన్నానన్నాను. ఆదివారం క్లాసు మళ్లీ మొదలుపెట్టాను, పిల్లలు నా పొరపాట్లకు నవ్వుతున్నారు. ఇప్పటికీ నాకు కొన్ని రాత్రులు నిద్ర పట్టదు. మర్నాడు కాస్త విసుగ్గా ఉంటుంది, అంతే. నిద్ర పట్టని రాత్రి మనిషిని ఏమీ చెయ్యదని తెలిశాక, దాని బలం సగం తగ్గిపోయింది.

ఈ మధ్య కాకినాడ నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. మరిదిగారు రెండుసార్లు ఊళ్లోనే దారి మర్చిపోయారట. అమ్మకొచ్చిందే ఈయనకూ వచ్చిందక్కా అని ఏడుస్తోంది. ఆయనకూ మా అమ్మకూ రక్తసంబంధమే లేదన్న సంగతి కూడా తోచని భయంలో ఉంది. ఏడవనిచ్చాను. తర్వాత, ఆయన ఏమేం మందులు వేసుకుంటున్నారని అడిగాను. నాకేం తెలుసు, ఏవో వేసుకుంటూనే ఉంటారు అంది.

"ముందు అది తెలుసుకో. రేపు పొద్దున్నే అవన్నీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లు. ఆ డాక్టరు చెప్పింది విన్నాక, ఏడవాల్సి వస్తే నేను బయల్దేరి వస్తాను, ఇద్దరం కలిసి ఏడుద్దాం."